మామ బండి కంప్రెషన్

మొన్న పాత ల్యాప్‌టాప్‌లోంచి పనికొచ్చేవి కొత్తదాంట్లోకి ఎక్కిస్తుంటే, కాలేజీ రోజుల్లో వాడిన సాఫ్ట్‌వేర్ ఒకటి కనిపించింది. టూ-స్ట్రోక్ ఇంజన్ కొలతలు ఇస్తే, సిలిండర్ గోడలోని కంతలు ఏ డిగ్రీ దగ్గర తెరుచుకుంటాయో, పిస్టన్ గాలిని ఎన్నింతలు నొక్కుతుందో చెబుతుంది. అందులో ఒకే ఫైలుంది. పేరు ‘మామ బండి’.

మా మేనమామది వనపర్తి దగ్గర పెద్దమందడి. పల్లీ చేను తర్వాత ఆయన ప్రాణమంతా ఆ పాత మోటార్ సైకిల్ మీదే. ఎండు పల్లీకాయలు డబ్బాలో పోసి ఊపినట్టు చప్పుడు చేసేది. ఒకప్పుడు దాని మీద మల్దకల్ జాతరకు పోతుంటే బస్సులు వెనకబడేవట. నేను వనపర్తిలో మెకానికల్ చదువుకునే నాటికి, అత్తను ఎక్కించుకుంటే ఊరి బయట మిట్ట ఎక్కడానికే ఆయాసపడేది. "బండి ముసలిదైంది, నేనూ ముసలోణ్ణయిన. ఐతారం పాత సామాన్లాయన వస్తడు, ఇచ్చేస్త," అన్నాడు మామ. అంటున్నప్పుడు బండి వైపు చూడలేదు.

రోగం తెలియకుండా పారేయడం నా చదువుకు నచ్చలేదు. శనివారం పొద్దున్నే వాకిట్లో మొదలుపెట్టాను. ఫ్లైవీల్‌కు డిగ్రీలు గీసిన అట్ట అతికించాను. సైలెన్సర్ విప్పి, పిస్టన్ అంచు కంతను ఎక్కడ దాటుతుందో చూసుకున్నాను. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి సిరంజితో నూనె పోసి లోపలి ఖాళీ కొలిచాను. అది అత్త వంట నూనె. ఇంజనుకు పోపు పెడుతున్నావా అని అడిగింది.

కంతలు కొత్త బండిలో లాగే తెరుచుకుంటున్నాయి. కంప్రెషన్ మాత్రం, ఏడు దరిదాపుల్లో ఉండాల్సింది, ఐదున్నర చూపించింది. నూనె తప్పు పోశానేమోనని మళ్లీ కొలిచాను. అదే అంకె. ఇక కూర్చోబుద్ధి కాలేదు. రింగులు అరిగితే గాలి కారుతుంది గానీ లోపలి ఖాళీ పెరగదు. సిలిండర్ అడుగున ఏదైనా పెట్టి ఉంటే కంతల లెక్క మారాలి. అదీ మారలేదు. అంటే పైన, సిలిండర్ మూత కింద, ఎవరో ఏదో పెట్టి ఖాళీ పెంచారు, అందుకే నొక్కుడు తగ్గి బండి జోరు పోయింది.

మూత విప్పితే, గాలి కారకుండా వేసే పల్చటి గ్యాస్కెట్ రేకు ఒకటి ఉండాల్సిన చోట మూడున్నాయి. మామ మెకానిక్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. అరుగు మీద పల్లీలు ఒలుస్తున్న అత్త తలెత్తకుండానే చెప్పింది.

"ఆయన్నేమనకు. నేనే పెట్టించిన."

జాతర నుంచి వస్తూ మామ పడి చెయ్యి విరగ్గొట్టుకున్న ఏడాది, బండి బాగుకిచ్చినప్పుడు, ఇది మళ్లీ అంత జోరుగా పోకుండా ఏదన్నా చెయ్యమని ఆమె మెకానిక్‌ను బతిమాలిందట.

మామ చేతిలోని స్పానర్ కింద పెట్టాడు. "ఇన్నేండ్లు నాకే వయసైందనుకుంటి గదనే."

"వయసు గూడ అయింది తియ్," అంది అత్త.

ఎక్స్‌ట్రావి రెండూ తీసెయ్యమంటాడనుకున్నాను. ఆయన నన్ను వదిలి అత్త వైపు చూశాడు. ఆమె చేటలో పొట్టు చెరిగి, ఒకటి తియ్యమంది. ఒకటి తీస్తే ఎంతవుతుందో లెక్క వేశాను. ఆరు.

మర్నాడు పాత సామాన్లాయనను నేనే పంపించేశాను. ఆ సరికి వాళ్లిద్దరూ మిట్ట ఎక్కేశారు, చప్పుడు అవతలి వైపు నుంచి వినిపిస్తోంది. ఏళ్లు మీద పడి నెమ్మదించాయని మనం అనుకునేవాటిలో, ఎన్నింటిని ఎవరు ఏ భయంతో నెమ్మదింపజేశారో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.