కవరు మీద పేరు

తెలంగాణ వచ్చిన నాలుగో ఏట, వానాకాలం మొదట్లో, దేవరకొండ అవతల ఒక సర్కారు దవాఖానకు నన్ను ఫార్మసిస్టుగా బదిలీ చేశారు. ఆ దవాఖాన మొత్తం నా చేతుల మీదుగానే నడిచిందని చాలామందికి చెప్పాను. నిజానికి నా చేతుల మీదుగా నడిచింది మందుల కిటికీ ఒక్కటే. జనం "డాక్టర్ సాబ్" అంటే మాత్రం సరిదిద్దేవాణ్ణి కాదు.

గుట్టల వెనకాల పల్లెలకు బస్సులు తక్కువ. కూలి పోగొట్టుకుని అందరూ రాలేరు కనుక, ఊరికొకరు చీటీలన్నీ పట్టుకొచ్చి అందరి మందులూ తీసుకుపోయేవారు. రూలు ప్రకారం మందు రోగి చేతికే ఇవ్వాలి. అయినా బీపీ, షుగరు గోలీలే కదా అని డాక్టరమ్మ కూడా ఊరుకునేది. అవి కలిసిపోకుండా ఎవరివి వారికి కాగితం కవరులో పెట్టి, పైన పేరు పెద్దక్షరాలతో రాసే పద్ధతి నేనే పెట్టాను. దీనికి జిల్లా అధికారి నన్ను మెచ్చుకున్నాడని చెప్పుకునేవాణ్ణి. ఆయన టీ తాగి వెళ్లాడు, అంతే. కవర్లవైపు చూడనైనా లేదు.

ఒక పల్లె నుంచి మేకలు కాసే యాదయ్య వచ్చేవాడు. మంచి మనిషి, చదువు రాదు. అదే పల్లెలో అంగన్‌వాడీ ఆయా ఉండేది. ఆమెను బాలమణి అందాం. భర్త పోయాక నిద్ర పట్టక, అన్నం సయించక, మా దగ్గరికి నెలకోసారి వచ్చే మానసిక వైద్యుడికి చూపించుకుంది. "గా గోలీలతోని జర నిద్ర వడ్తున్నది సారూ" అని కిటికీ దగ్గర మెల్లగా చెప్పింది. తర్వాతి నెల అంగన్‌వాడీ సెంటర్లో తనిఖీ ఉండి, చీటీ యాదయ్య చేతికిచ్చి పంపింది. అందరివాటితోపాటు ఆమె పేరూ రాసి కవరు ఇచ్చేశాను.

దారిలో వాన. సంచి తడిసి కవర్లు చినిగాయి. యాదయ్య గోలీలన్నీ అరుగు మీద పరిచి, ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "గివి ఎవ్వలియో జర సూసి చెప్పుర్రి" అని మాట కూడా రికార్డు చేసి పంపాడు. బాలమణి పేరున్న కాగితం ముక్క ఆమె గోలీల షీటుకు అంటుకునే ఉంది. ఎవరో ఆ గోలీ పేరు ఫోనులో వెతికి, దేనికి వాడతారో కింద రాశారు.

పిల్లలు సెంటరుకు రావడం మానేశారు. "పిచ్చి గోలీలు మింగేటామె చేతుల పిలగాండ్లనెట్ల వెడ్తం?" అన్నారట తల్లులు. నాకు ఈ సంగతి చెప్పింది యాదయ్యే. "నేనేం జేసిన సారూ? అడిగిన, గంతే గద!" అని కిటికీ ముందు కూలబడ్డాడు.

నేను ఆ పల్లెకు వెళ్లి, జనాన్ని పోగుచేసి, ఉపన్యాసం దంచి, బాలమణిని తిరిగి కొలువులో నిలబెట్టానని మనవలకు చెబుతుంటాను. వెళ్లిన మాట, ఉపన్యాసం మాట నిజం. అది పిచ్చి కాదని, ఏ జబ్బో, ఎందుకొస్తుందో వివరంగా చెప్పాను. గ్రూపులో లేని ముసలివాళ్లకు కూడా ఆ రోజే తెలిసింది. ఒక అవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏం రోగమంటివి కొడుకా? మల్లొక్కపారి చెప్పు" అంది. మళ్లీ చెప్పాను.

బాలమణి గుంపు వెనకాలే నిలబడి విన్నది. నేను బస్సుకోసం నిలబడితే దగ్గరికొచ్చి, "మంచిగనే చెప్పినవు సారూ. గని నా ముచ్చట చెప్పెటందుకు నన్నొక్క మాట అడగాలె గద?" అంది.

కొలువు మానేసి జడ్చర్లలో చెల్లెలి దగ్గరికి పోయింది. పోయేముందు, గోలీలు ఇంట్లో కనబడితేనే భయమవుతోందని యాదయ్య చేత వెనక్కి పంపేసింది. మళ్లీ ఎక్కడైనా తెచ్చుకుందో లేదో నాకు తెలియదు.

దాచుకునేదేమీ లేని మామూలు మనిషికి గోప్యత ఎందుకని ఇప్పటికీ అడుగుతారు. బాలమణి తప్పేమీ చేయలేదు, ఆమె సంగతి దొంగల చేతిలోనూ పడలేదు. ఆమె రోజూ మొహం చూడాల్సిన నలుగురికి తెలిసింది, కొలువు పోవడానికి అది చాలింది. ఒకరి సంగతి మేలు కోరి చెప్పాలన్నా ముందు వాళ్లను అడగాలి. అది నా ఉద్యోగంలో మొదటి రోజే నేర్పవలసిన పాఠం. నాకు ఆమె నేర్పింది.