చొరబడని గాలి

ఈ మాట మోస్తూనే నాకు జుట్టు నెరిసింది. మా ఆవిడకు చెప్పలేదు. కోరుకొండ మెట్లెక్కి, స్వామి ఎదుట నిలబడి కూడా చెప్పకుండానే దిగొచ్చాను. ముక్కూమొహం తెలియని మీకు చెబుతున్నాను. మీరు నా మొహం చూడరు, నా ధైర్యం అంతవరకే.

ఇప్పుడు రాజమండ్రి దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. అంతకుముందు, మన వైపు నుంచి చాలా దూరంగా, అణు ఇంధనం మీద పనిచేసే ఒక ప్రయోగశాలలో ఉండేవాణ్ణి. యురేనియం బిళ్ళల్ని సన్నటి లోహపు గొట్టంలో పేర్చి రియాక్టర్‌లో పెడతారు. వాడుతున్నకొద్దీ బిళ్ళల లోపల వాయువులు పుడతాయి. లోపలే ఉండిపోతే బిళ్ళ, పూరీ అంత కాకపోయినా, ఉబ్బుతుంది. బయటపడితే గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. ఎంత బయటపడుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పని. వాడేసిన గొట్టానికి, మందపాటి గాజు ఇవతలనుంచి మరచేతులతో చిల్లు పొడిచి, వచ్చిన వాయువును కొలవడం సత్యవతి అక్క పని.

అక్కది నిడదవోలు. అంత దూరంలో మన వైపు మాట వినిపించేది ఆవిడ నోటే. నేను చేరిన కొత్తలో నాకు అద్దె ఇల్లు వెతికిపెట్టింది. జ్వరమొస్తే క్యారియర్‌లో చారన్నం పంపింది. అలాంటి మనిషికి ద్రోహం చేశాను.

ఒక గొట్టానికి ఆవిడ కొలత నా లెక్కకంటే బాగా ఎక్కువ వచ్చింది. మీటింగులో మా పెద్దాయన ఎందుకని అడిగారు. నాకు తెలియదు. తెలియదంటే పోయేది. కానీ అప్పుడప్పుడే నాకు మంచిపేరు వస్తోంది, అది చెడిపోతుందని భయం.

"మేడం గారి పరికరంలోకి బయటిగాలి చొరబడి ఉంటుందండి," అన్నాను. అనుమానంగా కాదు, కళ్ళారా చూసినవాడిలా అన్నాను.

వాయువులో ఏమేం కలిసి ఉన్నాయో తేల్చే యంత్రం అప్పుడు రిపేరులో ఉంది. ఒకసారి పొడిచిన గొట్టాన్ని మళ్ళీ పొడవలేం. ఇక ఆవిడ ఏం చూపించి కాదంటుంది? 

వారం తిరక్కుండానే తప్పు దొరికింది. నాదే. బిళ్ళ అంటే సన్నటి రేణువుల ముద్ద. వాయువు రేణువు నడిమినుంచి అంచుదాకా రావాలి, రేణువు పెద్దదైతే ఆలస్యం. ప్రోగ్రాం రేణువు వ్యాసార్ధం అడుగుతుంది. ఆ గొట్టానికి నేను వ్యాసం ఇచ్చాను. ఏడో తరగతి పిల్లలు చేసే తప్పు. దాంతో రేణువు రెట్టింపైపోయి, వాయువు నా లెక్కలో లోపలే ఉండిపోయింది. సరిదిద్ది మళ్ళీ నడిపితే, గ్రాఫులో నా గీత పైకి లేచి అక్క కొలత మీదికి వచ్చి కూర్చుంది.

అప్పుడే లేచి పక్క గదిలో అక్క దగ్గరికి వెళ్ళి ఉంటే? మనసులో ఎన్నిసార్లు వెళ్ళానో. నిజానికి నేను చేసింది, ఆ ఫలితాన్ని చెరిపేసి టీకి వెళ్ళడం. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఈలోగా నివేదికలో ఆవిడ కొలతను కొట్టేశారు. ఆవిడను సామాన్ల కొనుగోలు సెక్షన్‌కి మార్చేశారు. ఇక చెబితే తప్పుకే కాదు, దాచినందుకూ జవాబు చెప్పాలి, అలా ఒక్కో రోజు గడిచినకొద్దీ చెప్పడం ఇంకాస్త కష్టమై, చివరికి ఎటూ కదల్లేని చోట నన్ను నేనే బిగించుకున్నాను. పిరికితనమేనా? అవును, పిరికితనమే. మర్యాదైన పేరు కోసం చాలా వెతికాను.

బిళ్ళలో చిక్కుకున్న వాయువుతో నన్ను పోల్చవచ్చని మీకు తట్టే ఉంటుంది. నాకూ తట్టింది. కానీ ఆ వాయువు ఎవరికీ అన్యాయం చెయ్యలేదు.

కిందటేడు నిడదవోలు స్టేషన్‌లో రైలు కోసం కూర్చుంటే ఎవరో భుజం తట్టారు. అక్క. రిటైరై చెల్లెలి దగ్గర ఉంటోందట. సంచీలోంచి జామకాయ తీసి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. మా పిల్లల చదువులు అడిగింది. తర్వాత, కోపమేమీ లేకుండానే అంది.

"ఆ గాలి ఎక్కణ్ణించి వచ్చిందో నాకిప్పటికీ తెలీలేదయ్యా. నన్ను మార్చేముందు ప్రతి జాయింటూ విప్పి చూశాను. ఎక్కడా లీకు లేదు. నువ్వు తెలివైనవాడివి, ఎక్కడై ఉంటుందంటావు?"

"పాత పరికరాలు కదండీ అక్కా," అన్నాను.

"అంతేలే. నా చెయ్యే సరిగ్గా పడలేదేమో."

రైలొచ్చింది. ఎక్కేశాను. కొవ్వూరు దాటి గోదావరి బ్రిడ్జి మీదికి వచ్చేదాకా జామకాయ చేతిలోనే ఉంది. తినలేకపోయాను, పారెయ్యనూ లేకపోయాను.

ఆవిడ నంబరు నా ఫోన్‌లో ఉంది. చేస్తానని మీకు మాటివ్వను, నా మాట విలువెంతో చూశారుగా. క్షమించమనీ అడగను. పనిలో ఆరితేరిన మనిషి, ఈ వయసులో తన చేతిని తానే అనుమానించుకుంటోంది. ఆ అనుమానం నేను పెట్టిందే. నిజాన్ని నేను ఇంతవరకు కాగితం మీద కూడా పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను. కాస్త ఊపిరాడుతోంది.

గాలి ఎక్కణ్ణించీ రాలేదక్కా. మీరు కొలిచింది సరైనదే.