కంపైలర్‌కు భక్తి నేర్పబోయాను

తాండూరులో సిమెంటు కంపెనీకి కంప్యూటర్ వచ్చిందనీ, ప్రోగ్రాములు రాసే మనిషి కావాలనీ మొదట కబురు తెచ్చింది మా రాములు చిన్నాయన. ఆ కబురు వెంటే నా పరువు పోయే ముహూర్తం కూడా వస్తోందని పాపం ఆయనకేం తెలుసు!

ఎనభైల నాటి మాట. నేను బడి గడప తొక్కలేదు. వికారాబాద్‌లో ఇంట్లోనే చిన్నాయన లెక్కలు, ఇంగ్లీషు, చివరికి ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాష కూడా నేర్పాడు. ఆయన చలవే అంతా. ఆ భాషకు స్టాండర్డ్ అని ఒక పుస్తకం ఉంటుంది. ప్రోగ్రాము ఎలా రాయాలో, దాన్ని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ ఎలా చదవాలో చెప్పే శాసనం అది. దాన్ని నేను పారాయణం చేశాను. అర్థం చేసుకున్నానని అనలేదు, గమనించండి.

కంపెనీ మేనేజరు రాఘవులు సారు తేల్చి చెప్పాడు. "సర్టిఫికెట్ లేదంటున్నవ్. సున్నపురాయి, మట్టి పాళ్ల లెక్క రాసి చూపియ్యి. పొద్దుగూకేలోపల నడిస్తే నౌకరీ నీది. లేకుంటే మల్ల రాకు."

రాశాను. కంపైలర్ మొదటి లైన్లోనే మొండి ఎద్దులా కూలబడింది. అంకె ఉండాల్సిన మొదటి గడిలో అక్షరం ఉందట! ఏ అక్షరమో కాసేపాగి చెప్తాను, ఇప్పుడే నవ్వితే కథ నడవదు.

"తప్పు మీ కంపైలర్‌దే సార్! స్టాండర్డ్‌లో స్పష్టంగ ఉన్నది," అన్నాను. ఆడలేక మద్దెల ఓడంటారు. నేను రాయలేక కంపైలర్ ఓడన్నాను.

సారు బెదిరిపోయి, మిషన్ అమ్మిన వాళ్లకు హైదరాబాదుకు ట్రంక్ కాల్ కలిపించాడు. లైను దొరికేసరికి ఎండ వాలింది. అవతల ఒక ఆడగొంతు.

"సుల్తానా మాట్లాడుతున్న. పరేషాన్ గాకు బిడ్డా. మొదటి లైన్ చదువు."

"శ్రీరామ జయం."

"మంచిది. దేవుడు సల్లగ చూడాలె. ఇగ లైన్ చదువు."

"శ్రీరామ జయం, ఆపా," అన్నాను, ఉర్దూలో అక్కా అని.

"అరె, దండాలు అయిపాయె గద! ట్రంక్ కాల్ ఇది, భజన గాదు. లైన్ చదువు!"

"అదే లైన్ ఆపా!"

అవతల ఫోను పగిలేలా నవ్వు. ఏం చేయను, చాకలి పద్దు రాసినా రాముడి పేరుతో మొదలుపెట్టే అలవాటు నాది. మొదటి గడిలో కూర్చున్నది ఆ శ్రీరాముడి ఇంగ్లీషు 'ఎస్'.

"స్టాండర్డ్‌ల ఉన్నది ఆపా," అన్నాను ఉక్రోషంగా. "కంపైలర్ వేరే రూపాలు గూడ ఒప్పుకోవచ్చని!"

"ఒప్పుకోవచ్చు. ఒప్పుకోవాలె అని ఉన్నదా?"

పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు మాట 'మే', అంటే 'వచ్చు' అని మాత్రమే. నాకు తెలిసిన మే ఎండలు కాసే నెల ఒక్కటే.

"వానలు పడొచ్చు అని రేడియోల జెప్తరు. పడకుంటే రేడియో మీద కేసేస్తవా?"

"వెయ్య ఆపా."

"మరి కంపైలర్ మీద ఎందుకేసినవ్?"

కిటికీలో పొద్దు దిగిపోతోంది. "పేరు తీసెయ్యాల్నా?" అని అడిగాను.

"ఎందుకు తీస్తవ్? మొదటి గడిల నక్షత్రం గుర్తు పెట్టి, ఎనుకనే నీ రాముని పేరు రాయి. కంపైలర్ ఇగ ఆ లైన్‌ను ముట్టదు. దేవుని ముందట పువ్వు పెడ్తవ్ గద, గట్లనుకో."

పెట్టాను. నడిచింది. పాళ్లు చక్కగా తేలాయి.

ట్రంక్ కాల్ మాటలంటే గదంతా వినపడేవి. ఆపా సారుతో అంది, "ఆ పుస్తకం దగ్గర పెట్టుకొని గూడ తెరువనోళ్లే ఎక్కువ సారూ. ఈ పిల్ల మొత్తం చదివింది, ఒక్క మాట కాడ జారింది. ఇడువకుండ్రి."

సారు ఫోను పెట్టి నావైపు చూశాడు. "రేపు పొద్దుగాల రా. కాని దేవునితోని మాట్లాడాల్నంటే ఇంట్లనే మాట్లాడు. ట్రంక్ కాల్ అక్కర్లేదు."

కాబట్టి సకల దేవతల సాక్షిగా శపథం చేస్తున్నాను. 'వచ్చు' అన్నచోట 'వాలె' అని ఈ జన్మలో చదవను. మీరు మాత్రం నాకొక్క మేలు చేయండి. నా దేవుడికి ప్రోగ్రాములో, నాకు కొలువులో ఒకే ఫోన్లో చోటు ఇప్పించిన సుల్తానా ఆపాను, దండం పెట్టుకునేటప్పుడు ఒక్కసారి తలుచుకోండి.