తెల్ల కాలు ఎటు వైపు

మొన్న మధ్యాహ్నం మనవరాలు తన ఫోన్‌లో ఏదో పాత విదేశీ సినిమా పెట్టి నా చేతికిచ్చింది. గుర్రప్పందేల సినిమా. ఎవరూ నమ్మని గుర్రం, దాన్ని తప్ప ఇంకేదీ నమ్మని యజమాని. కాసేపు చూసేసరికి గుర్తుపట్టాను. చిన్నప్పుడు మా బొగ్గుబాయి కాలనీ మైదానంలో చూసిందే. ఆఖరి పందెం ముందు యజమాని నేల మీద కూలబడి, గుర్రం ముందరి తెల్ల కాలు నిమురుతాడు. ఆ కాలు చూసి నా మతి పోయింది. అది కుడి కాలు. ఇన్నేళ్లుగా నాకు తెలిసింది ఎడమ కాలు. వెనక్కి జరిపి మళ్లీ చూశాను. కుడి కాలే.

నా పరేషాన్ మీకు అర్థం కావాలంటే మా నాన్నకు అన్న, మా పెద్దబాపు సంగతి చెప్పాలి. స్టేషన్ నుంచి కాలనీకి టాంగా తోలేవాడు. ఇంట్లో మగవాళ్లంతా బొగ్గుగనిలో, అదే మా బాయిలో, పనిచేస్తే ఆయన మాత్రం దిగిన మొదటి రోజే ఊపిరాడక పైకి వచ్చేశాడట. అలాంటి మనిషికి టాంగా గుర్రం చచ్చిపోయింది. ఇంకోటి కుదరకపోతే మళ్లీ బాయే గతి. సరిగ్గా అప్పుడే ఈ సినిమా వచ్చింది. తెల్లారేసరికి ఆయనకూ పెద్దమ్మకూ ఒకటే పట్టు: కొంటే తెల్ల కాలు గుర్రమే కొనాలి.

ఇచ్చోడ పశువుల అంగడికి నన్నూ తీసుకుపోయారు. మా ఖర్మ కొద్దీ మరాఠీ వ్యాపారి దగ్గర అలాంటివి రెండున్నాయి. ఒకదానికి కుడి ముందరి కాలు తెలుపు, ఇంకోదానికి ఎడమది.

"గిదే, కుడి కాలుది," అన్నాడు పెద్దబాపు.

"నీకేమన్న కండ్లు మసకలా? సినిమాల ఎడమ కాలే. నేను జూడలేదా?" అంది పెద్దమ్మ.

"అందరం ఒక్క సినిమానే జూసినం గదనే!"

వ్యాపారి బిత్తరపోయి ఇద్దరినీ చూశాడు. పెద్దమ్మ నన్ను సాక్ష్యం అడిగింది. ఆమె పక్కనే కూర్చుని చూసిన దాన్ని, ఎడమ కాలే అన్నాను. పెద్దబాపు మూతి ముడుచుకుని ఎడమ కాలు దాన్నే కొన్నాడు.

అది పరుగెత్తిన పాపాన పోలేదు. చాయ్ దుకాణం కనబడితే చాలు, ఆగిపోయేది. "మీ పెద్దమ్మ ఛాంపియన్ బిడ్డా, జర ఆగుదాం," అనేవాడు పెద్దబాపు. కానీ ఆ గుర్రమే ఆయన్ని మళ్లీ బాయి మొహం చూడనివ్వలేదు. అయినా చివరిదాకా, కుడి కాలుది కొనాల్సింది అని నసుగుతూనే ఉన్నాడు. పెద్దమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "ఎడమ కాలే గద బిడ్డా?" అని అడిగింది. ఎడమ కాలే పెద్దమ్మా అన్నాను. మరి ఈ ఫోన్‌లో ఉన్నదేమిటి? నా కళ్లను నేనే నమ్మలేక అయోమయంగా కూర్చుండిపోయాను.

సాయంత్రం తల దువ్వుకుందామని అద్దం ముందు నిలబడ్డాను. నా పాపిట అటుది ఇటు కనిపించింది. అప్పుడు వెలిగింది. మా కాలనీలో పల్చటి తెల్లగుడ్డ కట్టి సినిమా వేసేవారు. బొమ్మ వేసే మిషన్ వైపు మగవాళ్లు, తెర వెనక ఆడవాళ్లు. మాకు బొమ్మంతా తిరగబడి కనిపించేది. మాటలు అర్థం కాని, అక్షరాలు చదవలేని సినిమా కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇద్దరూ చూసింది నిజమే!

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. చెబుదామంటే ఇద్దరూ లేరు. పెద్దమ్మ కూడా మిషన్ వైపే కూర్చుని ఉంటే ఏ గుర్రం వచ్చేదో, పెద్దబాపు బతుకు ఏమయ్యేదో ఎవరు చెప్తారు? ఆ రోజుల్ని ఇంత దూరం నుంచి చూస్తున్నాను గాని, కాలానికి ఏ వైపు కూర్చుని చూస్తున్నానో నాకింకా తెలియదు.