అత్తమ్మ అడిగిన సెలవు

ఉగాదికి వారం ముందు మా అత్తమ్మ పోయింది. తెల్లవారుజామున నాలుగు బర్రెల పాలు పిండి, చేతులు కడుక్కుని, "ఛాతీల జర మంటగున్నదే, నాకు చాయ్ పెట్టకు" అంది. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. పాల కోసం గిన్నెలు పట్టుకుని వచ్చిన మా మొఘల్‌పురా గల్లీ వాళ్లు విషయం విని, ఆ గిన్నెలతోనే మా వాకిట్లో నిలబడిపోయారు.

నేను కోడలిగా వచ్చి పదహారేళ్లు. మామయ్య అప్పటికే లేరు. ఇంటి వెనక కొట్టం, అందులో నాలుగు బర్రెలు, అత్తమ్మ. ఆమె మూడున్నరకు లేచేది. అలారం పెట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు. కుడితి పెడుతూ వాటితో మాట్లాడేది, మాతో మాట్లాడిన దానికంటే ఎక్కువే. ఎవరింట్లో పెళ్లయినా, పేరంటమైనా సాయంత్రం నాలుగయ్యేసరికి చెప్పులు వెతుక్కునేది. ఇంకాసేపు ఉండమంటే ఒకటే మాట: "బర్రెకు పండుగ ఉండదు."

ఇక మదర్స్ డే సంగతి. అది మా ఇంట్లోకి మా మరిది ఫోన్‌లోంచి వచ్చింది. ఐదేళ్ల కింద అన్నదమ్ములిద్దరూ కూడబలుక్కున్నారు. ఆ ఆదివారం అమ్మ పని ముట్టుకోవద్దట, హోటల్‌లో భోజనం, కేకు, పత్తర్‌గట్టిలో కొన్న పట్టుచీర. పాలు పిండడానికి ఎవరో మనిషిని కూడా మాట్లాడారు. అత్తమ్మ మొహమాటంగా చీర కట్టుకుని, హోటల్‌లో బిర్యానీ రెండు ముద్దలు తిని, మూడు గంటల నుంచి గోడ గడియారం వైపే చూస్తూ కూర్చుంది. "కేక్ కట్ జెయ్యమ్మా" అంటే, "జల్ది కోయిండ్రి, పొద్దుగూకుతుంది" అంది.

మేం ఇంటికొచ్చేసరికి ఐదున్నర. కొట్టంలో పెద్ద లొల్లి. ఆ వచ్చిన మనిషి మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క బర్రె కూడా చేపలేదు. పొదుగు నిండా పాలున్నా వదల్లేదు. వాకిట్లో జనం. అత్తమ్మ చేతిసంచి నా మీదికి విసిరేసి, బకెట్ తీసుకుని పెద్ద బర్రె పక్కన కూర్చుంది. అది ఆమెను కూడా తన్నింది! కొత్త పట్టు వాసన, ఆ గరగర చప్పుడు, మెరిసే అంచు. ఏళ్ల తరబడి చాకిరీ చేస్తున్న మనిషిని అది గుర్తుపట్టలేదు.

"చూసిండ్రా? మీరు నన్ను గిట్ల తయారు జేస్తే నా బర్రెకే నేనెవరో ఎర్కలేదు" అంటూ లోపలికెళ్లి, రోజూ కట్టే పేడ మరకల వాయిల్ చీర కట్టుకొచ్చింది. ఈసారి పెద్ద బర్రె నిమిషంలో చేపింది. నవ్వలేక చచ్చాం. మా ఆయన మాత్రం మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

మరుసటి ఏడు మళ్లీ ఆ రోజు దగ్గరపడుతోంది. అన్నదమ్ములు ఈసారి ఉంగరం అంటున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆమె కోసం అంటారు, ఆమెను ఒక్కరూ అడగరు! సరే నేనే అడుగుదామని ఓ మధ్యాహ్నం పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, నిజం చెప్పు. నీకేం గావాలె?"

"నాకేం గావాలెనే? ఏమొద్దు." కాసేపు చేటలో బియ్యం అటూ ఇటూ కదిపింది. "ఇయ్యగల్గుతరో లేదో. సంతోష్‌నగర్‌ల మా అమ్మ కాడ ఒక్క రాత్రి ఉండొస్త."

సంతోష్‌నగర్ ఎంత దూరం? ఆటోలో ఇరవై నిమిషాలు. వాళ్లమ్మ అక్కడ కొడుకు దగ్గర ఉంటుంది. అత్తమ్మ అప్పుడప్పుడూ వెళ్లి వచ్చేది, కానీ పొద్దున పాలు పిండి వెళ్లి, సాయంత్రం పాలకు వచ్చేసేది. మామయ్య పోయిన నాటి నుంచి ఒక్క రాత్రి కూడా పుట్టింట్లో ఉండలేదు. తల్లికి ఎనభై దాటాయి. ఇంకెన్నాళ్లుంటుందని ఈమె భయం. ఆ మాట పైకి అనలేదు, నాకు అర్థమైంది.

అంటే ఎవరో ఒకరు రెండు పూటలు పాలు పిండాలి. మగవాళ్లిద్దరూ నా వైపు చూశారు. మా నాన్నది టైలరింగ్ షాపు. బర్రె పక్కనుంచి నడవాలన్నా నాకు గుండె దడ. అయినా నేర్చుకున్నాను. రెండు నెలలు. అత్తమ్మ నా వేళ్ల మీద వేళ్లు పెట్టి నేర్పింది. వేళ్లు వాచి అన్నం కలుపుకోలేకపోయేదాన్ని. "ఫికర్ జేయకే, అది గూడ ఆడిదే, సమజైతది" అనేది. చివరికి తాను కట్టి విప్పిన చీరే, ఉతక్కుండా, నాకు ఇచ్చింది. "గిది గట్టుకో. మాట నా లెక్కనే మాట్లాడు."

ఆ ఆదివారం పొద్దున పాలయ్యాక ఆమెను ఆటో ఎక్కించాం. సాయంత్రం ఆమె చీర కట్టుకుని, "ఆగవే నా తల్లీ, ఆగు" అంటూ కూర్చున్నాను. మూడు బర్రెలు చేపాయి. పెద్దది చేపలేదు. పావుగంట, అరగంట. మా ఆయన ఫోన్ తీశాడు. "అమ్మకు జేస్త, వస్తది."

"చేసి చూడు, నీ సంగతి జెప్త" అన్నాను. పెళ్లయ్యాక ఆయన్ను అంత గట్టిగా అనడం అదే మొదలు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వాకిట్లో ఉన్న వాళ్లందరికీ, ఇవాళ పాలు తక్కువ, సర్దుకోమని చెప్పాను. ఎదురింటి ఖాలా గిన్నె చంకలో పెట్టుకుని నవ్వింది. "ఆజ్ అమ్మా కీ ఛుట్టీ? అచ్ఛా హై. చాయ్ కమ్ పీ లేతే." అమ్మకు సెలవైతే మంచిదే, మేం చాయ్ తక్కువ తాగుతాం అని.

పెద్ద బర్రె ఇంకో పావుగంట నన్ను ఏడిపించి అప్పుడు చేపింది. నేను దాని పొట్టకు నుదురు ఆనించి భోరుమని ఏడ్చాను. సంతోషంతోనే.

మరునాడు అత్తమ్మ పది గంటలకు తిరిగొచ్చింది. మొహం తేటగా ఉంది. ఏం చేశారమ్మా తల్లీకూతుళ్లు అని అడిగితే, "ఏం జేస్తం? ఉన్నం" అంది. అంతే. అప్పటి నుంచి ఏటా మదర్స్ డేకి అదే కానుక. నాలుగేళ్లు, నాలుగు రాత్రులు. రాత్రంతా కష్టసుఖాలు చెప్పుకుంటారని నేను ఊహించుకునేదాన్ని.

ఈ ఏడాది ఆ ఆదివారం ఆమె లేకుండానే వచ్చింది. మా ఆయన అమ్మ ఫోటో స్టేటస్ పెట్టుకుని కొట్టంలో ఒంటరిగా కూర్చున్నాడు. ఇప్పుడు నాలుగు బర్రెలూ నావే. మూడున్నరకు లేచి పిండి, ఇల్లు సర్ది, వంట చేసి సంతోష్‌నగర్ వెళ్లాను. కూతురు పోయిన తల్లికి ఏం చెప్పాలో దారి పొడుగునా తెలియలేదు.

అమ్మమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. నా చేతులు పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటీ తడిమింది. "పాలు నువ్వే పిండుతున్నవా బిడ్డా?" అంది. అవునన్నాను.

"అత్తమ్మ ఇక్కడికొస్తే మీరు ఏం మాట్లాడుకునేటోళ్లు అమ్మమ్మా?"

"ఏం మాట్లాడుతం? ఒచ్చుడుతోనే పండుకునేది. తెల్లారి తొమ్మిదైనా నేను ఎవ్వల్ని లేపనియ్యకపోతుంటి."

పదహారేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను. ఆ మనిషికి నిద్ర చాలడం లేదని నాకు ఏనాడూ తోచలేదు. ఏటా ఒక్క రాత్రి ఇచ్చి, ఎంతో చేశానని మురిసిపోయాను. సిగ్గేసింది. ఏడుపూ ఆగలేదు.

అమ్మమ్మ మెల్లగా మంచం దిగింది. గోడ వైపు దుప్పటి సరిచేసి, నా భుజం పట్టి పడుకోబెట్టింది. వద్దన్నా వినలేదు. "పాల యాళ్లకు నేనే లేప్త. పండుకో" అంది. ఆ తర్వాత కర్ర పట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీని కొంచెం కొంచెంగా గుమ్మం దాకా జరుపుకుని, నా వైపు వీపు పెట్టి, ఎవరూ లోపలికి రాకుండా అడ్డంగా కూర్చుంది.