గారపళ్లవాడు పీకిన బిరడా

కువైట్ వెళ్లి కొందరు ఇళ్లు కట్టుకున్నారు, కొందరు బంగారం కొనుక్కున్నారు. నేను మాత్రం ఒక తొట్టెడు మంచినీళ్లను మురిక్కాల్వలో కలిపాను. అదీ ఎప్పుడనుకున్నారు? ఇరాక్ సైన్యం మా వీధి చివర తిష్ఠవేసిన రోజుల్లో! ఇప్పుడు మీరు హాయిగా నవ్వుకోవచ్చు. అప్పుడు మాత్రం నన్ను తన్నడానికి ఇల్లంతా లేచింది.

మాకు పనిచ్చిన కువైటీ యజమానులు, అదే కఫీళ్లు, సౌదీకి పారిపోవడంతో మా కడప వైపు వాళ్లం కొందరం మస్తాన్ భాయ్ ఇంట్లో తలదాచుకున్నాం. కుళాయి ఎప్పుడొస్తుందో ఎప్పుడు ఆగుతుందో తెలీదు. అందుకని వంటమనిషి లక్ష్మక్క స్నానాల తొట్టిని తోమి, నిండా నీళ్లు పట్టింది. మా అందరి ప్రాణాలూ ఆ తొట్లోనే ఉన్నాయి.

మస్తాన్ భాయ్ పళ్ల డాక్టరు దగ్గర అటెండరు. మూతపడ్డ క్లినిక్ నుంచి ఒక సీసా తెచ్చాడు.

"ఇది ఫ్లోరైడు. కొన్ని దేశాల్లో సర్కారే తాగే నీళ్లలో కలుపుతాది, పండ్లు పుచ్చకుండా. ఇప్పుడు పన్ను నొప్పొస్తే డాక్టరు యాడుండాడు? తొట్లో నాలుగు చుక్కలేద్దాం."

మాది ఫ్లోరైడు బోర్ల ఊరు. మావాళ్లు నవ్వితే తుప్పురేకుల కొట్టు తెరిచినట్టే ఉంటుంది.

"నా పండ్లు సూడు భాయ్!" అని నోరు బార్లా తెరిచాను. "మా తాత నడుము వంగిపాయె. విషం కలుపుతావా?"

"కొంచెమైతే మందురా, ఎక్కువైతేనే విషం. ఉప్పు గూడా అంతే."

"ఆ ఉప్పేదో నీ కూరలో ఏసుకో!"

లక్ష్మక్క గరిటెతో వచ్చింది. "బయట తుపాకులోళ్లుంటే లోపల మీ పండ్ల పంచాయితీ ఏందిరా? నా తొట్టి ముట్టినోడి చెయ్యి ఇరగ్గొడ్తా!"

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. దేశం కాలిపోతుంటే మేం పళ్ల మందు గురించి కొట్టుకున్నాం.

మర్నాడు అందరూ రొట్టెల క్యూకి పోయారు. ఇంటికి కాపలా నేనే. ఒక గ్లాసు ముంచి తాగితే గుప్పున మందు వాసన! ఇంకేముంది, భాయ్ కలిపేశాడు! ఇంటిల్లిపాది ఎముకలూ కాపాడే భారం నా మీద పడింది. వీరుడిలా చెయ్యిపెట్టి బిరడా పీకాను. నీళ్లు గుడగుడా పోతుంటే ఎంత తృప్తో! ఆ తర్వాత దర్జాగా కుళాయి తిప్పాను. బుస్సుమని గాలొచ్చింది.

అంతలో అందరూ తిరిగొచ్చారు.

"నీళ్లేవిరా?" అంది లక్ష్మక్క.

"పారబోసినా అక్కా. భాయ్ ఫ్లోరైడు కలిపినాడు."

భాయ్ జేబులోంచి సీసా తీశాడు. దాని సీలు కూడా విప్పలేదు.

"మరి ఆ వాసన?" అన్నాను.

"బ్లీచింగేసి తోమితి గదరా, నీ నోట్లో మన్నుబడ!" అంది లక్ష్మక్క.

ఇక దిక్కు, కింద మొక్కలకు పోసే కుళాయి ఒక్కటే. దాన్లో ఎడారి బోరునీళ్లు వస్తాయి. కువైటీలు వాటిని చెట్లకు పోస్తారు తప్ప తాగరు. లక్ష్మక్క వాటినే కాచి, శిక్షగా మొదటి గ్లాసు నా చేతికిచ్చింది. ఒక గుక్క దిగేసరికి నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

"ఎట్లుండాయిరా?" అన్నాడు భాయ్.

"అచ్చం మా ఊరి బోరునీళ్లే భాయ్."

భాయ్ సీసాను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "అయితే ఇంక దీంతో పనిల్యా. అల్లానే కలిపి పంపినాడు, అదీ దండిగా."

కనుక, నా గారపళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: లోకం తలకిందులైనా సరే, ముందు కుళాయి తిప్పి చూడనిదే ఏ తొట్టి బిరడా జోలికీ పోను.