మీటరుకు వీపు పెట్టి

లెక్కల టీచరుగారు పోయారన్న సంగతి నాకు మా చెల్లి చెప్పింది. వార్త ముందుగా తెలుసుకోవడం నా ఉద్యోగం. టీచరుగారి విషయంలో మాత్రం ఏదైనా ముందు చెల్లికే తెలిసేది. ఫోను పెట్టేశాక దుఃఖం కన్నా ముందు అసూయ కలిగింది. జరిగింది అదే కాబట్టి అదే రాస్తున్నాను.

నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్లే దారిలో ఆవిడ మామిడితోట, మా తోట పక్కపక్కనే. రెండింటికీ ఒకటే బోరు. వంతు చెరి నాలుగున్నర గంటలు. తగాదా రాకుండా ఆవిడ మోటారుకు గంటల మీటరు పెట్టించారు. అందులో చివరిది ఎర్ర అంకె. గంటలో పదో వంతు గడిస్తే, అంటే ఆరు నిమిషాలకోసారి, అది మారుతుంది.

మొదటి రోజే మా నాన్న పొరబడ్డాడు. సున్నాతో మొదలైన మీటరు 4.3 చూపగానే ఆవిడ తోటకు నీళ్లు ఆపి మా వైపు తిప్పాడు.

"పన్నెండు నిమిషాలు నొక్కేశారేంటండీ!" అని టీచరుగారు గట్టు మీద నుంచే కేకేశారు.

"మీటరు చూసే తిప్పానండీ. నాలుగూ ముప్పై."

ఏడేళ్ల మా చెల్లి మధ్యలో దూరింది. "కాదు నాన్నా, అరగంటంటే పాయింట్ ఐదు కదా!"

"ఇదిగో, ఇదీ నా పిల్లంటే" అన్నారు టీచరుగారు. క్లాసులో ఫస్టు వచ్చే నేను ఆ పక్కనే ఉన్నాను. నాకూ తెలుసు. నోరు తెరవడం ఆలస్యమైంది, అంతే.

అప్పట్నుంచి ఆవిడ మాటలు పాయింట్లలోకి దిగాయి. "ఒంటిగంట పాయింట్ ఐదుకి భోజనానికి వచ్చెయ్యండి" అని కబురు పెట్టేవారు. టీ అడిగితే "రెండు పాయింట్లు ఆగు" అనేవారు. లెక్క చెప్పేటప్పుడు, "గంటని ఎన్ని ముక్కలు కోశారో ముందు అడుగు. కూడడం తర్వాత" అనేవారు. ఇప్పటికీ ఎవరు ఏ అంకె చెప్పినా, దేంతో కొలిచారని అడుగుతాను. ఆ అలవాటు ఎక్కడిదో ఆవిడకు చెప్పనే లేదు.

వేసవి సెలవుల్లో మాకో పోటీ పెట్టారు. మీటరుకు వీపు పెట్టి కూర్చుని, ఎర్ర అంకె మారగానే చెప్పాలి. సరిగ్గా చెప్పినవాళ్లకే మోటారు షెడ్డు తాళంచెవి. నాకు ఆ తాళంచెవి కావాలి. అది ప్రతి ఏడూ చెల్లి మెళ్లో వేలాడేది.

"ఏరా, నీ గంటెప్పుడూ పరిగెడుతుందేంట్రా?" అని నేను ముందే అరిచినప్పుడల్లా నవ్వేవారు టీచరుగారు.

సమాధుల తోటలో టీచరుగారికి మట్టి వేసి, అట్నుంచి అటే మామిడితోటకు వెళ్లాం. చెట్లు పిందె మీదున్నాయి, తడి పెట్టాలి. చెల్లి హ్యాండ్‌బ్యాగ్ లోంచి తాళంచెవి తీసింది.

"ఇంకా నీ దగ్గరే ఉందా?"

"నన్నే ఉంచుకోమన్నారు అన్నయ్యా."

మోటారు వేసింది. నేను మీటరుకు వీపు పెట్టి కూర్చున్నాను. కాలవలో నీళ్ల చప్పుడు వింటూ ఉన్నాను. అయిందనిపించాక కూడా కాసేపు ఆగాను.

"మారింది" అన్నాను.

తిరిగి చూశాను. ఎర్ర అంకె సగం పైకి లేచి ఉంది. పాతది ఇంకా పోలేదు, కొత్తది ఇంకా రాలేదు.